అత్తయ్య బొంత, చివరి వరసలు

జనవరి 9

పిచ్చుకా,

ఫోన్ చెయ్యకుండా ఉత్తరమేంటని మూతి ముడుచుకోకు. ఫోన్‌లో అంతా నీ మాటే, నాకు వంతు రాదు. కాగితం మీద అయితే నువ్వు అడ్డు తగల్లేవు. నీ నోట్లో నువ్వుగింజ నానదు కాబట్టి ఇందులో రహస్యాలేమీ రాయను.

బట్టల పని నేర్పే కాలేజీలో చేరిపోయాను. మూడో అంతస్తులో గది. మంచం, బల్ల, కిటికీ, అంతే. కింద సందులో పరుపుల కొట్టు ఉంది. పొద్దున్నే దూది ఏకుతారు. ఆ నూగు గాలికి లేచి నా కిటికీ దాకా వస్తుంది. నిద్ర లేచేసరికి దుప్పటి మీద, జుట్టులో, రాత్రి మూత పెట్టడం మరిచిపోయిన మంచినీళ్ళ గ్లాసులో, అంతా దూదే. మొదటి రోజు కళ్ళు తెరిచి ఎక్కడున్నానో తెలియక, మబ్బులో పడుకున్నట్టు కాసేపు అలాగే ఉండిపోయాను. లేచి పొయ్యి వెలిగించమనేవాళ్ళు లేరు. అది గుర్తొచ్చి మళ్ళీ కళ్ళు మూసుకున్నాను.

క్లాసులో అందరూ ఇరవై ఏళ్ళ పిల్లలు. నన్ను చూసి టీచరనుకుని లేచి నిలబడ్డారు. ఇప్పుడు ఆంటీ అంటున్నారు. అసలు టీచరమ్మ నాకంటే పదేళ్ళు చిన్నది. పొట్టి జుట్టు, గోళ్ళకి ఎప్పుడూ నీలిరంగు అంటుకుని ఉంటుంది. ఆవిడ చెప్పిన మొదటి మాటేంటో తెలుసా? "బాగా కుట్టకండి." యూనిఫారాల షాపులో సగం జీవితం గడిపినదాన్ని, గీత గీసినట్టు కుట్టడం తప్ప నాకింకేం వచ్చు? ఆ రోజంతా చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. పక్క గదిలో దారాలకి రంగులు వేస్తుంటే తలుపు సందులోంచి వేడి ఆవిరి వచ్చింది. అదే చూస్తూ కూర్చున్నాను. బాగానే ఉంది.

ఇక అసలు సంగతి. ఒక్కొక్కళ్ళం ఇంటి నుంచి ఒక బట్ట తెప్పించుకోవాలి. అది ఎవరి చేతి పనో మనకి తెలిసి ఉండాలి. ఏడాదంతా దాన్ని చూసి, తడిమి, దాంట్లోంచి మన పని పుట్టించాలి. ఏడాది చివర పెద్ద హాల్లో పెడతారు. ఆ పని నిలబడితేనే రెండో ఏడాది, లేకపోతే పెట్టె సర్దుకోవడమే. షాపులో నా కుర్చీ అప్పుడే ఇంకొకరికి ఇచ్చేశారు కూడా. నాకు వెంటనే అత్తయ్య బొంత గుర్తొచ్చింది. నీ ఇనప్పెట్టెలో ఉంది కదా, పంపు. పదిమంది చూసేది, జాగ్రత్త.

మీ అన్నయ్య కూర మాడిస్తే గిన్నె నానబెట్టమని చెప్పు. గోకొద్దను.

కిటికీలోంచి,
నీ వదిన


జనవరి 27

వదినా,

అడ్డు తగల్లేననుకున్నావా? నీ ఉత్తరం మా మందుల షాపులో కూర్చుని చదువుతూ ప్రతి వాక్యానికీ పైకే జవాబు చెప్పాను. దగ్గు మందు కోసం వచ్చినాయన కౌంటర్ అవతల నిలబడి కాసేపు విని, "మీకేమైనా మందు కావాలా అమ్మా?" అని అడిగాడు.

అన్నయ్య బాగున్నాడు. లోకంలో అందరి గడియారాలూ బాగుచేస్తాడు, భోజనానికి మాత్రం మా ఇంటికి గంట ముందే వస్తాడు. కూర మాడ్చడం మానేశాడు, ఎందుకంటే వండటమే మానేశాడు.

అమ్మ పోయాక మళ్ళీ ఇప్పుడే, బొంత కోసం పెట్టె తెరిచాను. ఒళ్ళో వేసుకుని కాసేపు ఏడ్చాను, అది వేరే సంగతి. తర్వాత మంచం మీద పరిచి చూస్తే ప్రాణం ఉసూరుమంది. పై సగం అమ్మ చూపున్నప్పుడు కుట్టింది, ముత్యాలు పేర్చినట్టుంది. చూపు పోయాక కుట్టిన ఆ చివరి వరసలున్నాయే, పైకెక్కి, పక్కకి తిరిగి, తాగినవాడి నడక. ఒకచోటైతే చుట్టూ చుట్టూ తిరిగి సుడిలాగా చిక్కుపడిపోయింది. చదువుకున్నవాళ్ళు పదిమంది చూసి, ఎవరమ్మా కుట్టింది అని నవ్వితే? అమ్మ గురించి ఎవరైనా ఒక్క మాటంటే నేను పడతానా? చూపుంటే అమ్మే విప్పి మళ్ళీ కుట్టుకునేది. ఎంత పట్టింపు మనిషో నీకు తెలీదా.

అందుకని విప్పేశాను. షాపులో గిరాకీ లేనప్పుడల్లా ముందేసుకుని, పై సగంలో అమ్మ కుట్టు చూసుకుంటూ, అమ్మలాగే ఎడంచేత్తో, అచ్చం అలాగే కుట్టాను. ఆ సుడి ఒక్కటే ఒక ఆదివారం మొత్తం మింగేసింది. అన్నయ్య చూసి, "ఏంటే అది?" అన్నాడు. "నీకు తెలీదులే" అన్నాను. ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీ చేసి పంపుతున్నాను. ఎక్కడ విప్పానో కనిపెట్టు చూద్దాం!

ఆడబిడ్డ అర్ధమొగుడు అంటారు కాబట్టి ఆజ్ఞాపిస్తున్నాను. వేళకి తిను, గ్లాసు మీద మూత పెట్టుకో.

నీ మీద పెత్తనం చేసే,
పిచ్చుక


ఫిబ్రవరి 20

పిచ్చుకా,

బొంత అందింది. జవాబు ఆలస్యమైంది, పని ఎక్కువగా ఉంటోంది. పిల్లలంతా చుట్టూ చేరి చూశారు. కుట్టు చాలా నీటుగా ఉందన్నారు. టీచరమ్మ కూడా అదే మాట అంది.

ఇక్కడ పొద్దున పూట పొగమంచు. కిటికీ తెరిస్తే దూది ఏదో మంచు ఏదో తెలియడం లేదు. ఎదుటి మేడ మీద ఎవరో దుప్పట్లు ఆరేస్తారు. మనిషి కనిపించదు, దుప్పట్లు మాత్రం ఒకదాని తర్వాత ఒకటి గాల్లోకి వస్తాయి. వాటిని చూస్తూ క్లాసుకి ఆలస్యంగా వెళ్తున్నాను.

నిన్న కలలో అత్తయ్య వచ్చింది. ఈ గదిలోనే, కిటికీ పక్కన కూర్చుంది. చేతిలో సూది ఉంది, ఒళ్ళో బట్ట లేదు. ఊరికే గాల్లో కుడుతోంది. "బొంత ఏదత్తయ్యా?" అన్నాను. "నీకిచ్చాను కదే" అంది. మెలకువ వచ్చాక కూడా ఆ మాట చాలాసేపు గదిలోనే ఉంది.

ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకు. నువ్వు విప్పిన ఆ వరసల్లో కుట్టు పొడవు ఎంతుండేది, గుర్తుందా? వరస ఎంత మేర పైకెక్కేది? సుడి ఎన్ని చుట్లు తిరిగింది? విప్పే ముందు ఫోటో ఏమైనా తీశావా? ఊరికే అడుగుతున్నాను.

ఉంటాను,
వదిన


మార్చి 6

వదినా,

నువ్వు ఊరికే అడగడం నాకు తెలీదా? నేను పెళ్ళయిన కొత్తల్లో చేసిన వంట తిని కూడా "ఇందులో ఉప్పు వేశావా, ఊరికే అడుగుతున్నాను" అన్నావు.

ఫోటో ఎందుకు తీస్తాను, అదేమైనా పెళ్ళికూతురా? వంకర కుట్టుకి పొడవూ వెడల్పూ గుర్తుపెట్టుకుంటారా ఎవరైనా? నాకు అర్థమైంది. అక్కడ ఎవరో నవ్వారు. నేనెంత సరిచేసినా ఎక్కడో పాత వంకర మిగిలిపోయింది, అది చూసి నవ్వారు. నువ్వు నన్ను బాధపెట్టడం ఇష్టంలేక నీటుగా ఉందని రాశావు. ఆ రాత కూడా ఎలా ఉంది, ముల్లు మింగినట్టు ఉంది. పైగా అన్నయ్యతో ఫోన్‌లో "వచ్చేస్తానేమో" అన్నావట. ఆయన నాకు చెప్పి, తను చెప్పినట్టు నీకు చెప్పొద్దన్నాడు. చెప్పేశాను.

ఎవరు నవ్వారో వాళ్ళ పేరు రాయి. నేనే వచ్చి మాట్లాడతాను. వచ్చెయ్యడం మాత్రం కుదరదు. ఇన్నాళ్ళూ ఇంకొకళ్ళ పిల్లల యూనిఫారాలు కుట్టి కుట్టి, ఇప్పుడు నీకోసం నువ్వు వెళ్ళావు. నువ్వు వెళ్ళిన రోజు బస్సు మలుపు తిరిగేదాకా నేనూ అన్నయ్యా చెయ్యి ఊపుతూనే ఉన్నాం. అదంతా ఉత్తినే ఊపామా?

ఒక పని చెయ్యి. బొంత వెనక్కి పంపు. పై సగంలో కూడా అక్కడక్కడ కుట్టు వదులైంది, అప్పుడే చూశాను. అదీ విప్పి గట్టిగా కుట్టి పంపిస్తాను. అప్పుడు ఎవడు నోరెత్తుతాడో చూద్దాం.

కోపంగా, అయినా ప్రేమగా,
పిచ్చుక


మార్చి 21

పిచ్చుకా,

మింగలేక కక్కలేక ఇన్నాళ్ళు గడిపాను. నువ్వు పై సగం కూడా విప్పుతానన్నాక ఇంక ఊరుకోలేను. షాపులో చదవకు, ఇంటికెళ్ళి చదువు.

ఎవరూ నవ్వలేదు. నేను బొంత అడిగింది ఆ చివరి వరసల కోసమే. చూపులేని చెయ్యి ఎలా కుడుతుందో చూద్దామని, దాంట్లోంచి నా పని పుట్టిద్దామని. అది నీకు రాయాల్సింది. రాయకుండా, పదిమంది చూస్తారని రాశాను. నీకు ఆ ఒక్క మాట చాలు.

అత్తయ్య వంకరగా కుట్టలేదు. నువ్వు షాపులో ఉండే వేళల్లో, నేను యూనిఫారాలు ఇంటికి తెచ్చుకుని కుడుతుంటే నా పక్కనే కూర్చునేది. వేలితో ముక్కల అంచులు వెతుక్కుంటూ వెళ్ళేది. ముక్క ఎటు తిరిగితే దారం అటు తిరిగేది. "ఇది మీ మామయ్య చొక్కా కాలరు" అని కాలరు వెంట మెల్లగా కుట్టేది. "ఇది వంటింటి కర్టెన్" అని గబగబా దాటేసేది, ఆ కర్టెన్ ఆవిడకి ఎప్పుడూ నచ్చలేదు కదా.

ఆ సుడి ఉన్నచోట ఇటుకరంగు మఖమల్ ముక్క ఉంటుంది. దున్నిన చేలో చాళ్ళలాగా గీతలుంటాయి. అది నీ చిన్నప్పటి గౌను. వేలికి ఆ గీతలు తగలగానే "ఇదిగో, పిచ్చుక దొరికింది" అనేది. దాని చుట్టూ కుట్టేది. మర్నాడు మళ్ళీ వెతుక్కుంటూ అక్కడికే వచ్చి, మళ్ళీ దొరికిందని మళ్ళీ కుట్టేది. "కుట్టేశారు కదత్తయ్యా" అంటే, "ఉండవే, జారిపోతుంది" అనేది. రోజూ జరిగేదే కాబట్టి నీకు ప్రత్యేకంగా చెప్పాలని తోచలేదు. సాయంత్రం నువ్వు వచ్చేసరికి టీ పెట్టుకుని వేరే ఏదో మాట్లాడుకునేవాళ్ళం.

పార్సిల్ విప్పిన రోజు నీ మీద చాలా కోపం వచ్చింది. దాచను. వారం రోజులు పళ్ళు నూరాను. తర్వాత, పోయిన కుట్టుని నేనే మళ్ళీ పట్టుకుందామని కళ్ళకి గుడ్డ కట్టుకుని కూర్చున్నాను. నాది కుడిచెయ్యి. ఎన్నిసార్లు కుట్టినా నా వరస కుడివైపు కిందికి జారుతోంది. ఆవిడది ఎడమవైపు పైకెక్కేది, అంతవరకు నాకు గుర్తుంది. పాత సూది రంధ్రాలు చూసి కుడదామంటే, నువ్వు ఉతికిన ఉతుకుడికి, పెట్టిన గంజికి అన్నీ పూడుకుపోయాయి. టీచరమ్మకి జరిగిందంతా చెప్పాను. "అయితే ఇప్పుడు మీ దగ్గరేముంది?" అంది. బొంత పట్టుకుని గదికి వచ్చేశాను. అందుకే మీ అన్నయ్యతో వచ్చేస్తానేమో అన్నాను.

నువ్వు అమ్మ పరువు కాపాడాలని చేశావు, ఆ సంగతి నాకు తెలుసు. తెలిసీ రాస్తున్నాను.

నీ వదిన


ఏప్రిల్ 4

వదినా,

ఉత్తరం అందింది. అన్నయ్య ఆరోగ్యం బాగుంది. షాపులో పని ఎక్కువగా ఉంది.

పిచ్చుక


ఏప్రిల్ 18

పిచ్చుకా,

నువ్వు మూడు వాక్యాలు రాశావంటే నాకు జ్వరం వచ్చినంత పనైంది. తిట్టు. ముందే చెప్పి చావొచ్చు కదా అని కేకలెయ్యి. అలా గుమాస్తా రాసినట్టు రాయకు.

ఇక్కడ ఎండలు మొదలయ్యాయి. దూది కూడా బరువెక్కినట్టు కిటికీ దాకా రావడం లేదు. పిల్లలు వాళ్ళ వాళ్ళ పనుల్లో మునిగిపోయారు. నేను బొంత మడిచి మంచం కింద పెట్టాను. ఈ బొంత వల్ల నువ్వు నాతో మాట్లాడటం మానేస్తే నాకీ చదువు వద్దు. ఒక్క మాట రాయి, వచ్చేస్తాను. మళ్ళీ ఏ షాపులోనో కుర్చీ దొరక్కపోదు.

వదిన


మే 10

వదినా,

వచ్చేస్తే కాళ్ళు విరగ్గొడతాను. ఇదిగో, రాశాను ఒక్క మాట. ఇక మిగతావి.

నీ ఉత్తరం షాపులోనే చదివాను. చదవొద్దన్నావు కాబట్టి చదివాను. అమ్మ నన్ను పట్టుకుని ఉంటే, జారిపోతానని రోజూ చుట్టూ కుట్టుకుంటూ ఉంటే, నేనే ఒక ఆదివారం కూర్చుని విప్పుకుని బయటికొచ్చేశాను. రేడియో వింటూ విప్పాను వదినా. మధ్యలో పాట బాగుందని గొంతు కలిపాను కూడా. నీకేం రాయను? నీ మీద కోపం వచ్చింది. అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు అన్నయ్య మీద చూపించాను. పాపం, నాలుగు రోజులు హోటల్లో తిన్నాడు. అయిదో రోజు తనే టీ పెట్టి తెచ్చి నా ముందు పెట్టాడు. ఆ టీ తాగాక నీ మీద కోపం తగ్గింది. అంత ఘోరంగా ఉంది, ఈ మనిషితో ఇన్నేళ్ళు ఎలా వేగావా అనిపించింది.

మొన్న సాయంత్రం షాపులో కరెంటు పోయింది. నా చేతిలో దిండు గలేబు ఉంది, అంచు కుడుతున్నాను. చీకట్లో సూది ఎక్కడ పెడితే ఎవరికి గుచ్చుకుంటుందోనని ఆపకుండా అలాగే కుట్టుకుంటూ కూర్చున్నాను. మనసు ఎక్కడో ఉంది. లైట్లు వచ్చాక చూసుకుంటే వరస ఎడమవైపు పైకెక్కిపోయి ఉంది. కెవ్వుమన్నాను. దగ్గు మందాయన అప్పుడే వచ్చినట్టున్నాడు, చేతిలో చీటీ పడేసుకున్నాడు. అది అమ్మ వరస వదినా. నేను విప్పిన వరస. ఎలా ఉండేదో గుర్తులేదని నీకు రాశానే, చూడగానే గుర్తుపట్టాను.

అప్పటి నుంచి రోజూ కళ్ళు మూసుకుని కుట్టి చూస్తున్నాను. నాకు చెయ్యి ఎక్కడికెళ్తోందో తెలీడం లేదు, చేతికి మాత్రం తెలుస్తోంది. నిద్రలో మెట్లు ఎక్కుతున్నట్టు ఉంటుంది. కళ్ళు తెరవాలనిపించదు.

వచ్చే నెల సెలవు పెట్టాను. అన్నయ్య బస్సు ఎక్కిస్తానన్నాడు. ఇది అమ్మ కుట్టు అని చెప్పి అక్కడ ఎవరినీ మోసం చెయ్యొద్దు. నేను వంకర అనుకుని విప్పానని, నా పిచ్చి నీటు కుట్లు అలాగే ఉంచి, అందరికీ చెప్పు. సిగ్గుపడితే నేను పడతాను. ఆ గౌను ముక్క చుట్టూ మాత్రం నన్ను ఒకసారి వెతుక్కోనీ. నీ గదిలో రెండో మంచం లేదుగా? కింద పడుకుంటాను. నువ్వు గురక పెడతావని అన్నయ్య చెప్పాడు, అది కూడా చెప్పొద్దన్నాడు.

త్వరలో నీ నెత్తి మీద వాలబోయే,
పిచ్చుక


డిసెంబరు 3

పిచ్చుకా,

నిన్నటితో అయిపోయింది. వివరంగా రాయమన్నావు కాబట్టి తీరిగ్గా రాస్తున్నాను.

బొంతని గోడకి వేలాడదీయలేదు. తక్కువ ఎత్తు బల్ల మీద పరిచాం, వచ్చినవాళ్ళు కళ్ళు మూసుకుని తడిమి చూడొచ్చు. పక్కన నా పొడవాటి తెల్లగుడ్డ. ఏడాదంతా కళ్ళకి గంతలు కట్టుకుని కుట్టిన వరసలు, అన్నీ కుడివైపుకి జారిపోతూ, ఒక్కటీ అత్తయ్య దగ్గరికి వెళ్ళలేక. జరిగిందంతా చిన్న అట్ట మీద రాసి పెట్టాను, నువ్వు చెప్పినట్టే. జనం చదువుతారు, నవ్వుతారు, తర్వాత కళ్ళు మూసుకుని చెయ్యి చాపుతారు. ఆ ఇటుకరంగు ముక్క దగ్గరికి వచ్చేసరికి చాలామంది చెయ్యి ఆగిపోతోంది. ఒక పెద్దాయన అక్కడే ఆగి, వెనక వరస కట్టినవాళ్ళని కూడా మర్చిపోయాడు. ఎవరూ ఆయన్ని జరగమనలేదు.

జూన్‌లో నువ్వు నా మంచం మీద కూర్చుని దాన్ని వెతుక్కున్న మధ్యాహ్నం నాకింకా కళ్ళముందే ఉంది. కర్టెన్ తగలగానే విసుక్కుని, గబగబా దాటేశావు, అచ్చం ఆవిడలాగే. గీతలు వేలికి తగిలినప్పుడు నువ్వేమైనా అంటావని ఎదురుచూశాను. నువ్వేమీ అనలేదు. పుట్టి బుద్ధెరిగాక నువ్వు మాట్లాడకుండా ఉండటం నేను చూసింది అప్పుడే. నువ్వు చుట్టూ తిరిగి తిరిగి కుడుతుంటే గది నిండా దూది తేలుతోంది. నేను మాత్రం గట్టిగా ఏడ్చాను, నీకు వినపడేలాగే.

మీ అన్నయ్య నిన్న పొద్దున్నే వచ్చాడు. హాల్లో ఆగిపోయిన గోడ గడియారం చూసి ముందు దాన్ని దించి బాగుచేశాడు. ఆ తర్వాతే బల్ల దగ్గరికి వచ్చాడు. కళ్ళు మూసుకుని, బొంత మొత్తం మీద చెయ్యి తిప్పి, ఆ గీతల దగ్గర ఆగి, "మా చెల్లి గౌను" అన్నాడు. వెంటనే గడియారం టైము సరిచూడటానికి వెళ్ళిపోయాడు. ఆయన సంగతి నీకు తెలిసిందే.

రెండో ఏడాదికి తీసుకున్నారు. టీచరమ్మ నీలం గోళ్ళతో నా చెయ్యి పట్టుకుని చెప్పింది. ఆంటీ పాసైందని పిల్లలు ఈలలు వేశారు.

సాయంత్రం కాలేజీ ప్రిన్సిపాలు వచ్చి, "ఈ బొంత మాకిచ్చేయండి. అద్దాల పెట్టెలో పెడతాం. గాలి తగలదు, వెలుతురు తగలదు, ఎన్నేళ్ళయినా చెక్కుచెదరదు" అన్నాడు. అలా ఎవరినీ అడగరట, చాలా గొప్పట. అందరూ నావైపే చూస్తున్నారు.

"కుదరదండీ" అన్నాను. "మా ఆడపడుచుకి చలి ఎక్కువ."

రేపు మీ అన్నయ్య ఈ ఉత్తరంతోపాటు దాన్ని తెస్తున్నాడు. ఉతక్కు. కప్పుకో.

నీ వదిన